ఐదు వాక్యాలు, నాలుగు జతలు: పీటీఈ కోసం మూడు నెలలు ఇంగ్లీషు వాక్యాలు పేర్చిన అనుభవం

జనవరి 18న మొదటిసారి పీటీఈ అకడమిక్ రాశాను. విదేశాల్లో చదువుకూ వీసాకూ అడిగే, కంప్యూటర్ మీద రాసే ఇంగ్లీషు పరీక్ష ఇది. 20వ తేదీ ఉదయం ఫలితం మెయిల్‌లో వచ్చింది. నాకు మాట్లాడటం, వినడం, రాయడం, చదవడం నాలుగింటిలోనూ కనీసం 65 కావాలి. స్పీకింగ్ 72, లిజనింగ్ 69, రైటింగ్ 67. రీడింగ్ 58. మెయిల్ మూసేసి మళ్ళీ తెరిచాను, ఈసారి అంకె మారి ఉంటుందేమోనని.

నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడమంటే నాకు నోరు పెగలదు. కాబట్టి స్పీకింగ్‌లో తప్పి ఉంటే సరే అనుకునేవాణ్ణి. కానీ పన్నెండేళ్లుగా ఉద్యోగంలో రోజూ చదివేది ఇంగ్లీషే. చదవడంలో తప్పడమంటే, ఇన్నేళ్లూ నేను చదువుతున్నానని అనుకున్నది ఏమిటన్న ప్రశ్న వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు చెప్పాను.

ముందుగా తెలియక ఆశ్చర్యపోయిన సంగతులు రెండున్నాయి. ఏ ప్రశ్న తప్పిందో ఫలితం పత్రంలో ఉండదు, మొత్తం మార్కులే ఉంటాయి. ఇక ఒక్క రీడింగే మళ్ళీ రాస్తానంటే కుదరదు. ఫీజు పూర్తిగా మళ్ళీ కట్టి, మాట్లాడటం దగ్గరి నుంచి వినడం దాకా రెండు గంటల పరీక్షనూ మళ్ళీ రాయాలి. బాగా వచ్చిన మూడింటినీ మరోసారి పణంగా పెట్టడమన్న మాట.

ఎక్కడ తప్పిందో పత్రం చెప్పకపోయినా నాకు తెలుసు. రీడింగ్ విభాగం మధ్యలో చెల్లాచెదురైన వాక్యాలను పేరాగా పేర్చే ప్రశ్నలు వస్తాయి. తెర మీద ఎడమవైపు నాలుగైదు పెట్టెలు, పెట్టెకో వాక్యం. వాటిని మౌస్‌తో లాగి కుడివైపు వరుసలో పెట్టాలి. ఇలాంటివి రెండో మూడో ఉంటాయి. ప్రశ్నకు విడిగా గడువు ఉండదు, విభాగం మొత్తానికీ కలిపి అరగంటకు అటూ ఇటూ. రెండో ప్రశ్న దగ్గర నేను పెట్టెలను అటు లాగి ఇటు లాగి, మొదటిది చివరికి, చివరిది మధ్యకు మారుస్తూ ఉండిపోయాను. గడియారం చూసేసరికి ఏడు నిమిషాలు పోయాయి. తర్వాత వచ్చిన ఖాళీల ప్రశ్నలను పరుగులో ముగించాను, ఆఖరి రెండు చదవకుండానే నొక్కాను. నిజం చెప్పాలంటే రీడింగ్ మార్కుల్లో ఖాళీల వాటాయే ఎక్కువ. పేర్పు నా మార్కులను నేరుగా తిన్నది కొంతే, నా సమయాన్ని తినేసి ఖాళీల్లో పోగొట్టిన మార్కులు అంతకంటే ఎక్కువ.

జనవరి 24న కూర్చున్నాను. ముందు నా స్థాయి ఎంతో తేలాలని ఐదేసి వాక్యాల పేరాలు ఇరవై తీసుకుని వరసగా చేశాను. పూర్తిగా సరైనవి మూడంటే మూడు. ఇరవైలో మూడు! పుస్తకం గిరాటేయాలనిపించింది.

అప్పుడే మార్కులు ఎలా వేస్తారో సరిగా చదివాను. మొదటిసారి పరీక్షకు వెళ్లేముందే చేయవలసిన పని అది. క్రమం మొత్తం సరిగా ఉంటేనే మార్కులని నేననుకున్నాను. అలా కాదు. పక్కపక్కన సరైన వరుసలో నిలిచిన ప్రతి జతకూ ఒక మార్కు. ఐదు వాక్యాలకు నాలుగు జతలు, నాలుగు మార్కులు. తప్పిన జతకు సున్నా, కోత లేదు.

కాగితం మీద లెక్క వేసి చూస్తే ఇంకో వింత బయటపడింది. సరైన క్రమం 1-2-3-4-5 అనుకోండి. మొదటి వాక్యాన్ని గుర్తుపట్టలేక చివరికి నెట్టి 2-3-4-5-1 అని పెట్టినా మూడు మార్కులు వస్తాయి. మొదటిదీ చివరిదీ సరిగ్గా పట్టుకుని, మధ్యలో రెండింటిని మాత్రం తారుమారు చేసి 1-3-2-4-5 అని పెడితే వచ్చేది ఒక్కటే మార్కు. ఎవరిని అడిగినా ‘ముందు మొదటి వాక్యం పట్టుకో’ అనేవారు. నేనూ మూడు నిమిషాలు దాని వెంటే పడేవాణ్ణి. ఈ లెక్క చూశాక మొదటి వాక్యం మీద వ్యామోహం పోయింది. వెతకాల్సింది ఒకదాన్నొకటి విడిచి ఉండలేని రెండు వాక్యాలను.

పాత ఇరవై పేరాలనూ జతల లెక్కన మళ్ళీ దిద్దుకున్నాను. 80 జతలకు 31. అవమానం కాస్త తగ్గింది.

ఫిబ్రవరి మొదటి వారమంతా చిట్కాలకు బలైంది. ‘హవెవర్’తో మొదలైన వాక్యం మొదట రాదు, ‘దేర్‌ఫోర్’ చివర్లో వస్తుంది, ‘ఫర్ ఎగ్జాంపుల్’ ఫలానా చోట వస్తుంది. ఇలాంటివి నలభై దాకా నోట్‌బుక్‌లో ఎక్కించి బట్టీ పట్టాను. మరుసటి ఇరవై పేరాల్లో వచ్చినవి 34 జతలు. వారం కష్టానికి మూడు జతల లాభం. కారణం తర్వాత అర్థమైంది. బాగా రాసిన పేరాల్లో ఈ ‘హవెవర్’లు చాలా తక్కువ. వాక్యాలను కట్టి ఉంచే దారం లోపలుంటే పైన ముడి కనబడదు. నేనేమో ముడుల జాబితా పట్టుకుని తిరుగుతున్నాను.

తెర మీద చేస్తుంటే చూపు నిలవడం లేదని కాగితాల మీదికి మారాను. పేరాలు ప్రింటు తీసి, వాక్యానికో చీటీగా కత్తిరించి, వెనక చిన్న అంకె వేసి, పేరాకో కవరు. మొత్తం 60 కవర్లు. సిద్ధం చేయడానికి రెండు సాయంత్రాలు, ఒక కత్తెర, ఒక బొబ్బ. మొదటి రోజే నేల మీద ఆరు పేరాలు పరిచి లేచి ఫ్యాను వేశాను. ఆ తర్వాత గంటన్నర ముప్పై చీటీలను ఏ కవరువి ఆ కవరులోకి చేర్చడంతో సరిపోయింది. అది పరీక్షకు మించిన పేర్పు.

ఫిబ్రవరి 9న, ఒక కవరు దగ్గర చిక్కుకుపోయి ఉన్నప్పుడు, అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ పక్కనే కూర్చుంది. ఇంగ్లీషులో ఉన్న ఆ పేరా తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది, చెదిరిన క్రమంలోనే ఇస్తున్నాను:

క. అంతకుముందు వాడిన గడియారాలు రోజుకు సుమారు పావుగంట తప్పేవి.
ఖ. 1656లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ లోలకంతో నడిచే గడియారాన్ని రూపొందించాడు.
గ. అయితే ఊగే ఓడ మీద లోలకం లయ తప్పేది.
ఘ. ఆ తేడాను ఆయన యంత్రం సెకన్ల లెక్కకు దించింది.
ఙ. ఈ ఇబ్బందిని దాటే సముద్ర గడియారం కోసం 18వ శతాబ్దంలో జాన్ హారిసన్ దశాబ్దాల పాటు శ్రమించాడు.

నేను పెట్టిన క్రమం క-ఖ-ఘ-గ-ఙ. పాత గడియారాలు ముందు కాలానివి కదా, కాబట్టి ముందు వాటి సంగతి, తర్వాత కొత్తది. నాకు తిరుగులేని తర్కంలా తోచింది. చీటీల వెనక అంకెల క్రమం వేరుగా ఉంది. ఎందుకో తెలియక జుట్టు పీక్కుంటున్నాను.

అమ్మకు ఇంగ్లీషు రాదు. ఏమిటంత తంటా అంటే తెలుగులో నా క్రమంలోనే చదివి వినిపించాను. మొదటి వాక్యం పూర్తి కాకుండానే ఆపింది.

“అంతకుముందు అంటే దేనికి ముందు నాయనా?”

“గడియారం కనిపెట్టక ముందు.”

“కనిపెట్టారని ఇంకా చెప్పలేదుగా నువ్వు.”

అంతే. ఖ ముందు, క తర్వాత. పావుగంట తేడా సంగతి విన్నాక ‘ఆ తేడా’ అనే ఘ. అది వచ్చి క పక్కన కూర్చుంది. ఓడ మీద వచ్చిన చిక్కు గ, దాన్ని ‘ఈ ఇబ్బంది’ అంటూ అందుకున్నది ఙ. బట్టల మీంచి చూపు తిప్పకుండానే అమ్మ మిగతా నాలుగూ పేర్చేసింది. జరిగిన క్రమం వేరు, చెప్పే క్రమం వేరు. పదిహేను రోజులుగా నేను జరిగిన క్రమం పేరుస్తూ ఉన్నాను.

నా ముఖం చూసి కాబోలు, “చిన్నప్పుడు ఏడు చేపల కథ ఎన్నిసార్లు చెప్పించుకున్నావు” అంది. అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు, ఆ కొడుకులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెచ్చారు. అందులో ఒకటి ఎండలేదు. చేపా చేపా ఎందుకెండలేదంటే గడ్డిమోపు అడ్డం వచ్చింది, గడ్డిమోపా ఎందుకు అడ్డం వచ్చావంటే ఆవు మేయలేదు. ఈ కథ వాక్యాలను చీటీలుగా కత్తిరించి ఏ పిల్లవాడికి ఇచ్చినా తడుముకోకుండా పేరుస్తాడు. ఒక వాక్యం చివర వచ్చిన కొత్త సంగతే తర్వాతి వాక్యానికి పాతదై మొదట్లో నిలబడుతుంది. పద్యాల్లో దీన్నే బడి పుస్తకం ముక్తపదగ్రస్తం అంది: విడిచిన పదాన్నే పట్టుకుని తర్వాతి పాదం మొదలవడం. పరీక్షలో రెండు మార్కుల కోసం నేర్చుకుని వదిలేసిన అలంకారం ఇన్నేళ్లకు ఇంగ్లీషు చదవడానికి అక్కరకొచ్చింది. ఇంగ్లీషు వాడు మాత్రం విడిచిన పదాన్ని అలాగే పట్టుకోడు, వేషం మార్చి పట్టుకుంటాడు. ముందు వాక్యంలో లోలకం గడియారం, తర్వాతి దాంట్లో ‘ఆ పరికరం’, ఆ పైన ‘ఆ ఆవిష్కరణ’, చివరికి వట్టి ‘ఇట్’.

ఆ రాత్రి అమ్మను కూర్చోబెట్టుకుని మరో ఎనిమిది కవర్లు చేశాం. ఐదింటిలో నాకన్నా ఆమే మేలు. మిగతా మూడింటిలో ఇద్దరం ఒకేచోట పడ్డాం. ఎందుకో చూస్తే ఆ మూడింటిలోనూ ఆధారం ‘ఎ’, ‘ది’ అనే చిన్న మాటల్లో ఉంది. తెలుగు చేసేటప్పుడు నేనే వాటిని మింగేసి అమ్మకు అందకుండా చేశాను. ఆమె తప్పేమీ లేదు.

మూడు నెలల్లో నాకు నిజంగా ఒరిగింది ఇదే. ఇన్నేళ్లూ ఇంగ్లీషు చదివేటప్పుడు నా కన్ను పెద్ద పదాల మీదనుంచి పెద్ద పదాల మీదికి గెంతేది. ‘ఎ’, ‘ది’ నాకు దారిలో రాళ్లలాంటివి. మనకు వాటికి సరిపోయే మాటలు లేవు కాబట్టి అర్థానికి అవసరం లేదనుకున్నాను. కానీ ఒక వాక్యంలో ‘ఎ’తో పరిచయమైన వస్తువు, తర్వాతి వాక్యంలో ‘ది’తో తిరిగి వస్తుంది. అనగనగా ‘ఒక’ రాజు, తర్వాత ‘ఆ’ రాజు. తెలుగులో ఎప్పుడూ తప్పని నేను ఇంగ్లీషులో ఒక రాజుకూ ఆ రాజుకూ తేడా చూడకుండా పేరుస్తున్నాను.

ఆ తర్వాత ఇలాంటివే మరికొన్ని కంటికి ఆనడం మొదలైంది. మనిషి పూర్తి పేరుతో మొదట వస్తాడు, తర్వాత ఇంటిపేరుతో మాత్రమే. సంస్థ పూర్తి పేరు ముందు, పొడి అక్షరాలు తర్వాత. భూతకాలంలో సాగుతున్న కథలో హఠాత్తుగా ‘హాడ్’ తగిలితే ఒకడుగు వెనక్కి వేసి పాత సంగతి చెబుతున్నారని గుర్తు. గడియారాల పేరా ఇంగ్లీషు మూలంలో నేను చూడకుండా దాటేసినది అదే. అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ‘దిస్’ పక్కన ఒక నామవాచకం. ‘ఈ అలవాటు’, ‘ఈ నిర్ణయం’, ‘ఈ నష్టం’ అని ఉంటే, ముందు వాక్యంలో అలవాటుగా, నిర్ణయంగా, నష్టంగా పిలవదగ్గ సంగతి ఒకటి జరిగి తీరాలి. ఆ వాక్యాన్ని వెతకడమే పని. నలభై చిట్కాల నోట్‌బుక్‌ను ఫిబ్రవరి 20న అలమరలో పైఅరకు ఎక్కించాను.

ఫిబ్రవరి చివరికి 80లో 52. వేగం మాత్రం దారుణం, పేరాకు ఐదారు నిమిషాలు.

మార్చి 8న ఒక పిచ్చి ఆలోచన వచ్చింది. వేరేవాళ్ల వాక్యాలు పేర్చడమెందుకు, నేను రాసినవి ఇంకెవరైనా పేర్చగలరా? ఆఫీసులో రాసిన ఒక నివేదికలోంచి రెండు పేరాలు తీసి, కత్తిరించి, ఇదే పరీక్షకు చదువుతున్న స్నేహితుడికి ఇచ్చాను. మొదటి పేరాను అతను పూర్తిగా వేరే క్రమంలో పెట్టాడు. తప్పని చెప్పబోయి, అతని క్రమంలో చదివాను. నాదానికన్నా బాగుంది. రెండో పేరాను రెండు రకాలుగా పేర్చి ‘ఏదైనా ఫరవాలేదు కదా’ అన్నాడు. నా ఐదు వాక్యాలకూ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదని అంత మర్యాదగా ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్ల నివేదికలన్నీ కళ్ల ముందు తిరిగాయి.

అప్పటినుంచి రాత్రికి ఐదు వాక్యాలు రాయడం, మర్నాడు అతనికివ్వడం, అతనివి నేను తీసుకోవడం. ఖర్చు లేని సాధన, గొడవలు మాత్రం ఉచితం. నా క్రమం కాక ఇంకో క్రమమూ నిలబడితే ఆ పేరా ఓడినట్టు లెక్క.

ఈ మధ్యలో ఒక అభ్యాసాల యాప్‌కు రుసుము కట్టి రెండు వారాలు పోగొట్టుకున్నాను. అందులోని ఒక పేరాకు ఇచ్చిన జవాబు ఎటు చూసినా పొసగడం లేదు. నాకే అర్థం కావడం లేదేమోనని రెండు రోజులు దాన్నే పట్టుకు వేలాడాను. చివరికి నాకు తెలిసిన ఒక విశ్రాంత ఇంగ్లీషు మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు సర్దుకుని రెండుసార్లు చదివి, “ఇది పేరా కాదు బాబూ, ఒకే విషయం మీద ఐదు వాక్యాలు. వీటికి క్రమమే లేదు, నీకెక్కడినుంచి దొరుకుతుంది?” అన్నారు. ఆ యాప్‌లోని చాలా పేరాలు అలాంటివేనని తర్వాత తెలిసింది. దాంతో సాధన చేసిన రోజుల్లో నా జతలు 52 నుంచి 45కు పడ్డాయి. మార్చి 20 ప్రాంతం ఈ మూడు నెలల్లో అన్నిటికన్నా చెడ్డ కాలం. ప్రతి ‘ది’నీ అనుమానంగా చూస్తూ, వాక్యం అర్థమే పట్టకుండా ఆధారాల కోసం తవ్వుతున్నాను. దొంగల కోసం వెతుకుతూ ఇంట్లోవాళ్లను కూడా గుర్తుపట్టని స్థితి.

మాస్టారు చెప్పిన మందు చాలా మామూలుది. వారం పాటు పేర్చడం ఆపేసి, పత్రికల్లో మంచి వ్యాసాలు తీసుకుని, ఒక వాక్యం చదవగానే తర్వాతి వాక్యాన్ని చేత్తో మూసి, ఇప్పుడేం చెబుతాడో ఊహించమన్నారు. మొదటి రోజు పదింటికి రెండు ఊహలు నిజమయ్యాయి. వారం తిరిగేసరికి ఐదారు. మళ్ళీ కవర్లు తెరిచినప్పుడు వేగం దానంతటదే పెరిగింది. ఒక వాక్యం చదవగానే దాని తర్వాత ఏం కావాలో మనసు ముందే అడుగుతోంది; ఎడమవైపు పెట్టెల్లో అది ఉందో లేదో చూడటమే. ఏప్రిల్ రెండో వారానికి 80లో 66, పేరాకు రెండు నిమిషాలు. పరీక్షలో ఇలా చేయాలని నిర్ణయించుకున్నాను: గట్టి జతలు ముందు పక్కపక్కన పెట్టడం, మిగిలిన దాన్ని ఎక్కడ పెడితే ఆ జతలు విడిపోవో అక్కడ పెట్టడం, రెండున్నర నిమిషాలు దాటితే ఉన్నది ఉన్నట్టు వదిలి ముందుకెళ్లడం. ఒకసారి ముందుకెళితే వెనక్కి రాలేమని మొదటిసారే తెలిసింది.

ఏప్రిల్ 26న రెండో పరీక్ష. నేను రీడింగ్‌కు వచ్చేసరికి ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు ఇంకా మాట్లాడే విభాగంలోనే ఉన్నారు. పక్క కుర్చీలో ఒకాయన ఏదో గ్రాఫును గట్టిగా వర్ణిస్తున్నారు. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకుంటే కొంత నయం. రీడింగ్‌లో వినేదేమీ లేకపోయినా తీయకండి. తెర మీద కాగితాల సుఖం ఉండదని చివరి పది రోజులు కంప్యూటర్‌లోనే సాధన చేశాను. అదీ మంచిదైంది. పెట్టెను అంగుళం పక్కన వదిలితే తిరిగి మొదటికి పోవడం లాంటివి కవర్లు నేర్పవు.

పేర్పులు మూడు వచ్చాయి. మొదటిదాంట్లో నాలుగే వాక్యాలు, నిమిషం చాలింది. రెండోది కూడా సాఫీగా సాగింది. మూడోదాంట్లో ఐదు వాక్యాల్లో మూడు ‘దిస్’తోనే మొదలయ్యాయి. గుండె జారింది. రెండు జతలు కుదిరాయి, ఐదో వాక్యం ఎటూ అతకలేదు. రెండున్నర నిమిషాలయ్యాయి. చివర్లో పెట్టి ముందుకెళ్లిపోయాను. జనవరిలో ఆ పని చేయలేకపోయినవాణ్ణి. ఖాళీల ప్రశ్నలన్నీ చదివి పూరించాక నాలుగు నిమిషాలు మిగిలాయి.

28 సాయంత్రం మెయిల్ వచ్చింది. రీడింగ్ 71. స్పీకింగ్ మూడు మార్కులు తగ్గి 69, మిగతా రెండూ 65 దాటాయి. అమ్మకు చెబితే “ఆ ఓడ గడియారం వచ్చిందా?” అని అడిగింది. రాలేదన్నాను.

కవర్లు స్నేహితుడికి ఇచ్చేద్దామని లెక్క చూస్తే 59 సరిగ్గా ఉన్నాయి, 23వ కవరులో నాలుగే చీటీలు. ఫిబ్రవరి నుంచీ ఆ పేరా రాసినవాడు మొదటి సంగతి నుంచి మూడోదానికి ఎలా దూకాడో అర్థం కాక అమ్మా నేనూ ఎన్నిసార్లు పోట్లాడుకున్నామో. రెండో చీటీ నిన్న అలమర కింద ఊడుస్తుంటే దొరికింది.